డీకోడర్‌లో పెద్ద వెయిట్, కదలికతో సంబంధం శూన్యం: ఎందుకిలా?

సమస్య: మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు భాగం) స్పైకుల నుంచి, అంటే న్యూరాన్ల విద్యుత్ స్పందనల నుంచి, చేతి వేగాన్ని అంచనా వేసే లీనియర్ డీకోడర్ (ఒక్కో న్యూరాన్ స్పందనను దాని వెయిట్‌తో గుణించి కూడే మోడల్) బాగానే పనిచేస్తోంది. తీరా వెయిట్లు చూస్తే, చెయ్యి ఎటు కదిలినా ఒకేలా స్పందించే న్యూరాన్ అగ్రపీఠం ఎక్కి కూర్చుంది.

ముందు ఆ న్యూరాన్ ట్యూనింగ్ రేఖ (ఏ దిక్కుకు ఎంత స్పందిస్తుందో చూపే గీత) గీయండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని ఎవరూ చేయరు. 1982లో జార్గోపౌలోస్ బృందం కోతులు ఎనిమిది దిక్కులకు చెయ్యి కదిపినప్పుడు చూసిన కొసైన్ వంపు మీకూ కనబడాలి. గీత చదునుగా ఉందా? కొత్త విషయం కనిపెట్టామని సంబరపడకండి.

నేను సంబరపడ్డాను. ఆ న్యూరాన్‌ను తీసేసి చూస్తే డీకోడర్ కచ్చితత్వం పడిపోయింది, దాంతో నమ్మకం ఇంకా ముదిరింది. పోస్టరు అచ్చు వేయించాక తెలిసింది అసలు సంగతి.

కారణం: ఒకటో న్యూరాన్‌లో కదలిక సంకేతం, దానితో పాటు కోతి హుషారు వల్ల వచ్చే హెచ్చుతగ్గులు ఉన్నాయనుకోండి. రెండోదానిలో ఆ హెచ్చుతగ్గులే ఉన్నాయి. డీకోడర్ చేసేది తీసివేత: మొదటిదానికి +1, రెండోదానికి -1. గోల పోయి సంకేతం మిగులుతుంది. రెండో న్యూరాన్‌కు కదలిక గురించి ఏమీ తెలియదు, అయినా వెయిట్ సమానం. షాప్ (SHAP) విలువలు, అంటే మోడల్ అంచనాలో ఒక్కో న్యూరాన్ వాటా ఎంతో చెప్పే అంకెలు, లెక్కగట్టినా ఇదే కథ. అవి వివరించేది మోడల్‌ను, మెదడును కాదు.

పరిష్కారం: హౌఫే బృందం 2014లో చూపినట్టు, వెయిట్లను న్యూరాన్ల కోవేరియన్స్ మాత్రికతో (ఏ రెండు న్యూరాన్లు ఎంతగా కలిసి మారతాయో చూపే పట్టికతో) గుణించండి. పై ఉదాహరణలో సంకేతం, గోల ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, రెండింటి వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) 1 అయితే మాత్రిక వరుసలు (2, 1), (1, 1). గుణిస్తే 1, 0 వస్తాయి. రెండో న్యూరాన్ సున్నా! అడ్డం, నిలువు వేగాలు రెండూ డీకోడ్ చేస్తుంటే, ఫలితాన్ని డీకోడర్ అవుట్‌పుట్ల కోవేరియన్స్ విలోమంతోనూ గుణించాలి. శిక్షణ ఇచ్చిన డేటానే, అదే స్కేలులో వాడండి.

నాన్‌లీనియర్ డీకోడర్‌కు ఈ సూత్రం చెల్లదు. అక్కడ దిశ తిప్పి, కదలిక నుంచి న్యూరాన్ స్పందనను అంచనా వేసే మోడల్ కట్టుకోండి.

ఎలక్ట్రోడ్ల మధ్య సంకేతం కారడం, స్పైకుల వర్గీకరణలో (ఏ స్పైకు ఏ న్యూరాన్‌దో తేల్చడంలో) పొరపాటు కూడా ఉండొచ్చు. పైవన్నీ అయ్యాకే అటు చూడండి.