అమరావతి శిల్పం జాడను డిజిటల్ సాధనాలతో ఎలా తీయాలి?

కృష్ణానది ఒడ్డున అమరావతిలో వెలసిన మహాస్తూపపు శిల్పాలు ఈనాడు ఒక్క చోట లేవు. కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉండగా, పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. పారిస్‌లోని గిమే మ్యూజియంలోనూ కొన్ని కనిపిస్తాయి. ఈ రాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలంటే మునుపు దేశాలు తిరగవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం గుంటూరులో ఇంట్లో కూర్చునే చేయవచ్చు, అయితే ఒక క్రమం పాటించాలి.

మొదట ఒకే ఒక్క శిల్పాన్ని ఎంచుకోండి. దాని పేరు కంటే ముందు దాని రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోండి, ఎందుకంటే పేర్లు మారుతుంటాయి, నంబరు మారదు. ఉదాహరణకు బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో 1880,0709.79 అని వెతికితే స్తూపపు మేధిని (గుండ్రటి అడుగు భాగాన్ని) కప్పిన ఒక సున్నపురాయి పలక వస్తుంది. ఆ నంబరులోనే చరిత్ర ఉంది: 1880 జూలై 9న నమోదైన వస్తువుల్లో ఇది 79వది. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లు 1859లో లండన్ వెళ్లి, అక్కడి ఇండియా మ్యూజియం నుంచి 1880లో బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. పలకకు రెండు వైపులా ఉన్న ఫోటోలు తప్పక చూడండి. ఒక వైపు శిల్పాలతో నిండిన స్తూపం ఉంటే, వెనుక వైపు అంతకు చాలా ముందు చెక్కిన దృశ్యం, బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న భక్తులు, కనిపిస్తుంది. పాత పలకనే తిప్పి మళ్లీ చెక్కారన్నమాట. గ్యాలరీలో ఒక వైపు మాత్రమే చూసి వచ్చినవారికి ఈ సంగతి తెలియకుండా పోతుంది.

తరువాత వెతుకుడు మాటల జాబితా తయారు చేసుకోండి. 19వ శతాబ్దపు పత్రాల్లో ఊరి పేరు అమ్రావతి, అమ్రావుట్టి వంటి రూపాల్లో ఉంటుంది. మహారాష్ట్రలోని అమరావతి కూడా ఫలితాల్లో కలిసి వస్తుంది. స్తూపం ఉన్న దిబ్బను దీపాలదిన్నె అనేవారు కనుక ఆ మాటతోనూ వెతకాలి. పాత రచనల్లో వీటికి ‘ఎలియట్ మార్బుల్స్’ అనే పేరు స్థిరపడింది. నిజానికి ఇది పాలరాయి కాదు, పల్నాడు సున్నపురాయి. అయినా ఆ తప్పు పేరుతో వెతకకపోతే సగం సమాచారం దొరకదు.

అసలైన పని పాత చిత్రాలతో పోల్చడంలో ఉంది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కాలంలో కట్టడాల కోసం దిబ్బ నుంచి రాళ్లు తీయడం మొదలైంది. 1816లో సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతికి రెండోసారి వచ్చినప్పుడు ఆయన వెంట ఉన్న చిత్రకారులు మిగిలిన శిల్పాలను కొలతలతో సహా గీశారు. ఆ చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ మద్రాసులో ఉన్న రాళ్లను ఫోటో తీశాడు. అమరావతి స్తూపంపై పురాతత్వవేత్త జేమ్స్ బర్జెస్ రాసి 1887లో వెలువరించిన గ్రంథపు స్కాన్ ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదవవచ్చు. ఈ మూడింటిలో మీ శిల్పం ఎక్కడ దొరికినా, జింప్ (GIMP) వంటి, ఫోటోలను సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత చిత్రాన్ని ఒక పొరగా, నేటి ఫోటోను మరో పొరగా పెట్టి, చెడిపోని ఒక పద్మాన్నో స్తంభాన్నో ఆధారంగా తీసుకుని రెండింటినీ ఒకే పరిమాణానికి తెచ్చి చూడండి. ఏ అంచు ఎప్పుడు విరిగిందో, ఏ ముక్క ఏ పలకకు చెందవచ్చో అప్పుడు బయటపడుతుంది. కానీ చేతి చిత్రాన్ని ఫోటోలా నమ్మకూడదు. చిత్రకారుడు చూసినదే గీశాడా, విరిగినచోట ఊహించి పూరించాడా అన్నది రెండో ఆధారం దొరికేవరకు తేల్చవద్దు.

దొరికిన ప్రతి పేజీని, ప్రతి చిత్రాన్ని అదే రోజు దించుకుని తేదీ వేసుకోండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ సేకరణలు నెలల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి.

రాతిపై శాసనం ఉంటే, ఆర్లో గ్రిఫిత్స్, వాన్సాన్ టూర్నియే నిర్వహణలో రూపొందిన ప్రాచీన ఆంధ్రదేశ శాసనాల డిజిటల్ సంకలనంలో దాని పాఠం వెతకండి. దానమిచ్చిన గృహస్థులు, భిక్షుణులు, వారి కుటుంబాల పేర్లు ప్రాకృతంలో కనిపిస్తాయి. పాలకుల పేర్ల కంటే ఈ మామూలు మనుషుల పేర్లే స్తూపాన్ని మనకు దగ్గర చేస్తాయని నా అభిప్రాయం.

మ్యూజియంలో స్వయంగా ఫోటోలు తీయాలంటే ముందు అనుమతి తీసుకోండి. త్రీడీ నమూనా కావాలంటే ఒక్కో ఫోటో ముందుదానితో సగానికి పైగా కలిసేలా శిల్పం చుట్టూ తిరుగుతూ తీసి, పక్కన కొలబద్ద ఉంచి, మెష్‌రూమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అందించాలి. అరిగిన అక్షరాలకు మాత్రం వెలుతురును పక్క నుంచి, రాతికి దాదాపు ఆనుకునేలా వేసి తీసిన ఒక్క ఫోటో ఎక్కువ మేలు చేస్తుంది.

చివరగా ఒక స్ప్రెడ్‌షీట్‌లో నంబరు, కొలతలు, ఏ సంవత్సరంలో ఎక్కడ ఉందో, ఆ మాటకు ఆధారమేమిటో వరుసగా నింపండి. ఖాళీగా మిగిలిన సంవత్సరాలను ఊహతో పూరించకండి. వాటిని రంగు వేసి ఉంచండి. ప్రకాశం జిల్లా చందవరానికి చెందిన ఒక బౌద్ధ శిల్పఫలకం చోరీకి గురై, చేతులు మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ చేరి, 2016లోనే భారత్‌కు తిరిగి అప్పగింతైంది. అలాంటి వస్తువుల విషయంలో మొదట చూడవలసింది ఆ ఖాళీలనే. మ్యూజియం పేజీలో ఉన్నదానికి, మీకు దొరికినదానికి తేడా కనిపిస్తే, రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి, నంబరుతో సహా, ఆ శాఖ క్యూరేటర్‌కు ఈమెయిల్ రాయండి.