పాత మెయింటెనెన్స్ డేటాబేసును మార్చాలంటే: చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వారికి ఒక పద్ధతి

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూసేవారికి ఆ కంప్యూటరు తెలిసే ఉంటుంది. అది మెయింటెనెన్స్ గదిలో ఒక మూలన ఉంటుంది. దానిలో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు ప్రోగ్రాముతో ఎవరో ఎప్పుడో తయారుచేసిన ఫైలు ఒకటి ఉంటుంది. దాన్ని తయారుచేసిన మనిషి ఉద్యోగం మారి ఏళ్లు గడిచి ఉంటాయి. రాతి దిమ్మెలను పలకలుగా కోసే గ్యాంగ్‌సాకు బేరింగు ఎప్పుడు వేశామో, గ్యాంట్రీ క్రేను తాడు ఎప్పుడు మార్చామో చెప్పగలిగింది ఆ ఫైలు ఒక్కటే కాబట్టి, అది తెరుచుకోని రోజు రాకముందే దాన్ని మార్చుకోవాలి. ఇలాంటి మార్పును నేను రెండుసార్లు దగ్గరుండి చూశాను. మొదటిసారి సాఫ్ట్‌వేరు ఎంపికతో మొదలుపెట్టి ఏడాది కాలం పోగొట్టుకున్నాం. రెండోసారి యంత్రాల జాబితాతో మొదలుపెట్టి, సాఫ్ట్‌వేరు సంగతి చివరికి ఉంచి, ఆరు నెలల్లో ముగించాం. కింద చెప్పేది ఆ రెండోసారి పాటించిన క్రమం.

ముందుగా నకలు

పని అప్పగించిన రోజునే చేయవలసినది ఒకటుంది. అందరి చేతా ఫైలు మూయించి, దాని నకళ్లను రెండు హార్డ్‌డిస్కుల్లోకి తీసి, ఒకదాన్ని ఫ్యాక్టరీ బయట భద్రపరచాలి. యాక్సెస్ ఫైలు పరిమాణం 2 గిగాబైట్లు దాటడానికి వీల్లేదు. ఆ హద్దుకు చేరువైనప్పుడు, లేదా ఎంట్రీ సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోయినప్పుడు ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది. ఫైలును కుదించి బాగుచేసే సదుపాయం యాక్సెస్‌లోనే ఉన్నా, దాన్ని నకలు మీదే ప్రయోగించాలి, అసలు ఫైలు మీద ప్రయోగించకూడదు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాలు కొట్టుకుపోయిన సంగతి ఈ ప్రాంతం వారికి గుర్తుండే ఉంటుంది. అంతటి నీరు వచ్చే నేల మీద, నకలు ఉన్న డిస్కును అదే గదిలో అదే బల్ల సొరుగులో పెట్టుకుంటే అది ఉన్నా లేనట్టే.

ఫైలు ఏ వెర్షనుదో కూడా అప్పుడే చూసుకోవాలి. యాక్సెస్ 97లో చేసిన ఫైళ్లను యాక్సెస్ 2013, ఆ తరువాతి వెర్షన్లు తెరవలేవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటరు పాడైతే కొత్తది కొని ఫైలును అందులో వేసుకోవచ్చులే అనే ధీమా చాలా చోట్ల ఉంది. ఆ ధీమా నిలుస్తుందో లేదో పాత కంప్యూటరు బాగా పనిచేస్తున్నప్పుడే పరీక్షించి చూడాలి.

ఆ ఫైలును ఎవరు, ఎందుకు తెరుస్తున్నారు

తరువాత ఒక వారం పాటు, అన్ని షిఫ్టుల్లోనూ, ఆ కంప్యూటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎవరు తెరిచారు, ఏం వెతికారు, దొరికిందా, దొరక్కపోతే ఎవరిని అడిగారు అనే నాలుగు సంగతులు రాసుకుంటే చాలు. రెండో గ్యాంగ్‌సా మెయిన్ మోటారు బేరింగు చివరిసారి ఎప్పుడు మార్చాం, ఈ నెల గ్రీజు పెట్టవలసిన యంత్రాల్లో ఏవి తప్పిపోయాయి, ఆ సీలు స్టోరులో ఉందా, ఉంటే ఏ నంబరుతో ఉంది: ఇలాంటి ప్రశ్నలు ఇరవై ముప్పై పోగవుతాయి. కొత్త సాఫ్ట్‌వేరు ఏం చేయాలో చెప్పే పత్రం ఆ ప్రశ్నల జాబితాయే. సాఫ్ట్‌వేరు కంపెనీ ఇచ్చే సదుపాయాల పట్టికను దాని స్థానంలో పెట్టుకోకూడదు.

ఆ వారంలో తేలే మరో సంగతి, అసలు సమాచారంలో చాలా భాగం ఫైలు బయటే ఉండటం. క్రేను రిజిస్టరు ఒకచోట, జనరేటరు డీజిలు పుస్తకం ఇంకొకచోట ఉంటాయి. మేము చూసినప్పుడు రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్ చొక్కా జేబులో నూనె మరకలతో ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. కంప్రెసరు పేజీలో ఆయన ఇలా రాసుకున్నాడు: "ఎడమ కవరు ఊడదీసే ముందు కింది వాల్వు తిప్పి గాలి పూర్తిగా వదలాలి, మీటరు సున్నా చూపినా నమ్మరాదు." ఆ గేజి పాడైన సంగతి ఆయనకు తెలుసు, డేటాబేసులో లేదు. మర్నాడే గేజి మార్పించి, ఆ వాక్యాన్ని కంప్రెసరు జాబ్ కార్డులో (చేయవలసిన పని వివరాల కార్డులో) మొదటి వరుసగా చేర్చాం. ఇలాంటి నోటుబుక్కులు ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి, వాటి యజమానుల అనుమతితో నకలు తీసుకోవాలి, ఎవరి మాట చేర్చామో వారి పేరు కూడా పక్కన రాయాలి. తన పేరు అక్కడ చూసుకున్న మనిషి రేపు కొత్త పద్ధతికి అడ్డు చెప్పడు.

యంత్రాల జాబితా

ఈ పనికి ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదని నా అభిప్రాయం. పాత ఫైల్లో ఒకే యంత్రం "జీఎస్-2" అని, "గ్యాంగ్ 2" అని, "రెండో గ్యాంగ్" అని మూడు పేర్లతో ఉంటుంది. దాని చరిత్ర మూడు ముక్కలై ఉంటుంది. ఎప్పుడో తుక్కు కింద అమ్మేసిన పాలిషింగు యంత్రానికి ఇంకా నెలనెలా గ్రీజు పెట్టమని షెడ్యూలు వస్తూనే ఉంటుంది. నిరుడు కొన్న వైర్‌సా (తీగతో రాయి కోసే యంత్రం) మాత్రం జాబితాలో కనిపించదు. అందుకని ఫైలును పక్కన పెట్టి, కాగితం, టార్చిలైటు, ఒక ఫిట్టరుతో ఫ్యాక్టరీ అంతా నడిచి, నేమ్‌ప్లేటు చూసి ప్రతి యంత్రాన్నీ కొత్తగా రాసుకోవాలి. తరువాత ఆ జాబితాను ఫైలుతో పోల్చాలి. ఫైలును ప్రింటు తీసి దాన్ని పట్టుకుని తిరిగితే, అందులో లేనివి కంటికి ఆనవు.

నంబర్లు ఇచ్చేటప్పుడు ఒక తేడాను మొదటి నుంచీ పాటించాలి. చోటుకు ఒక నంబరు, ఆ చోట బిగించిన వస్తువుకు ఇంకొక నంబరు ఉండాలి. రెండో గ్యాంగ్‌సా మెయిన్ మోటారు కాలిపోయిందనుకుందాం. దాన్ని ఒంగోలులో రీవైండింగుకు, అంటే లోపలి తీగ మళ్లీ చుట్టించడానికి, పంపి, స్టోరులో ఉన్న స్పేరు మోటారును అక్కడ బిగిస్తాం. రీవైండు అయి వచ్చిన మోటారు కొన్నాళ్లకు వేరే గ్యాంగ్‌సాలో తేలుతుంది. చోటుకూ వస్తువుకూ ఒకే నంబరు ఉన్న ఫైల్లో, ఒకే మోటారు మూడుచోట్ల మూడుసార్లు కాలిందా, ఒకే చోట మూడు మోటార్లు కాలాయా అన్నది ఎంత వెతికినా తేలదు. మొదటిదైతే ఆ మోటారును వదిలించుకోవాలి. రెండోదైతే మోటారు మీద డబ్బు పోయడం ఆపి, ఆ చోట లోడు, కేబులు, అలైన్‌మెంటు, వోల్టేజి చూడాలి. పదేళ్ల చరిత్ర చేతిలో ఉండి కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక మేము కొత్త మోటారు కొన్నాం, అది కూడా కాలిపోయింది. ఈ ఒక్క తేడా పాటించి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

ఏది ఎంత ముఖ్యమో కూడా ఆ నడకలోనే నిర్ణయించాలి. ఆగితే ఫ్యాక్టరీ ఆగేవి, ఆగితే ఒక లైను ఆగేవి, ఆగినా సర్దుకోగలిగేవి అని మూడు తరగతులు చాలు. మనుషుల ప్రాణాలతో ముడిపడిన క్రేన్లు, గాలి ట్యాంకుల వంటివి ఏ లెక్కతోనూ పని లేకుండా మొదటి తరగతిలోకే వస్తాయి.

నంబరు ప్లేట్ల విషయంలో ఒక హెచ్చరిక. గ్యాంగ్‌సా దగ్గర సున్నం, స్టీలు షాట్ (సన్నని ఉక్కు గుళ్లు) కలిసిన బురద లాంటి స్లర్రీ రోజంతా చిమ్ముతూనే ఉంటుంది కాబట్టి, క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అక్కడ ఎక్కువ రోజులు నిలవవు. నంబరు చెక్కిన స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటును రివెట్లతో బిగించి, కోడ్ స్టిక్కరును ఎలక్ట్రికల్ ప్యానెలు తలుపు లోపలి వైపు అంటిస్తే రెండూ నిలుస్తాయి.

పాత చరిత్రలో ఏది తేవాలి, ఎలా తేవాలి

అంతా తేవాలన్న కోరిక సహజమే కాని, అంతా తెస్తే చెత్త కూడా వస్తుంది. ఇప్పుడు నడుస్తున్న యంత్రాల వివరాలు, షెడ్యూళ్లు, స్పేర్ల పట్టిక, గత మూడేళ్ల పనుల చరిత్ర, మొదటి తరగతి యంత్రాలకైతే పూర్తి చరిత్ర తెస్తే సరిపోతుంది. మిగతాది పాత ఫైల్లోనే చదువుకోవచ్చు. చట్టపరమైన రికార్డుల సంగతి వేరు. క్రేన్లు, గొలుసులు, తాళ్ల వంటి ఎత్తుడు సామగ్రిని కనీసం పన్నెండు నెలలకొకసారి అర్హత గల వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించి రిజిస్టరు ఉంచాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను చెప్పేది, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అలాంటి రిజిస్టర్ల కాగితపు అసళ్లను కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందని పారవేయకూడదు.

ఎగుమతి చేసేటప్పుడు సమాచారం చప్పుడు లేకుండా పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. యాక్సెస్‌లోని పొడవైన రిమార్కుల గడి కొన్ని పద్ధతుల్లో ఎగుమతి చేస్తే 255 అక్షరాల దగ్గర తెగిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. ఎక్సెల్ ఫైలు పాత రూపమైన ఎక్స్ఎల్ఎస్‌లో 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండులో సుమారు 16,000 కొవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది ఈ హద్దు వల్లనే. 03/04/07 అన్నది ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కూడా కావచ్చు. రెండంకెల సంవత్సరాన్ని ఏ శతాబ్దంలో వేయాలో ఎక్సెల్ తనంతట తానే నిర్ణయించుకుంటుంది. ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరానికి ముందున్న తేదీలు ఏవైనా ఉన్నాయేమో వెతికితే ఇలాంటి తప్పులు చాలా వరకు పట్టుబడతాయి.

మనకు ప్రత్యేకమైన చిక్కు "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లు. తెలుగులో రాసిన రిమార్కులను చాలామంది అను ఫాంట్లతోనే టైపు చేశారు. అది అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ కాదు, ఇతర గుర్తుల సంకేతాల మీద తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చిన పద్ధతి కాబట్టి, ఆ ఫాంటు లేని చోట వాక్యమంతా అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. దాన్ని పనికిరాని చెత్త అనుకుని బయటి ప్రోగ్రామరు తీసేస్తాడు. ముందే మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చి, ఒత్తులు, సున్నలు చెదిరాయేమో ఆ యంత్రాలు తెలిసిన తెలుగు మనిషి చేత చదివించాలి.

తరలింపు కనీసం రెండుసార్లు ఉత్తుత్తిగా జరపాలి. ప్రతిసారీ రెండు వైపులా రికార్డుల సంఖ్య, అతి పాత తేదీ, పని గంటల మొత్తం పోల్చాలి. ఆ పైన యాభై జాబ్ కార్డులను ఏరి అక్షరం అక్షరం సరిచూడాలి. మొత్తాలు సరిపోయినంత మాత్రాన లోపలి వరుసలు సరిపోయినట్టు కాదు.

సాఫ్ట్‌వేరు

ఇంత చేశాక ఎంపిక తేలికవుతుంది. యంత్రాలు కొద్దిగా ఉండి, రాసే మనిషి ఒక్కరే అయితే శ్రద్ధగా కట్టిన స్ప్రెడ్‌షీటే చాలు. పెద్ద ఫ్యాక్టరీ అయితే అద్దెకు దొరికే మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్‌సోర్సు వ్యవస్థలూ ఉన్నాయి. ఎవరు వచ్చినా వారి నమూనా డేటాతో కాకుండా మన యంత్రాల జాబితాతో, మన ఇరవై ముప్పై ప్రశ్నలకు మన ఎదుటే జవాబు తీసి చూపమని అడగాలి. మన డేటా మొత్తాన్ని ఎప్పుడైనా, అదనపు రుసుము లేకుండా, సీఎస్‌వీ రూపంలో (ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే సాదా పట్టికగా) తీసుకోగలగాలనే షరతు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నెట్ లేనప్పుడు పని నడవాలి. ఇక్కడ పనిచేసేవారిలో తెలుగువారితో పాటు ఉత్తరాది నుంచి వచ్చినవారూ ఉన్నారు కాబట్టి తెలుగులోనూ హిందీలోనూ రాయగలగాలి. ధరను మొదటి ఏడాదికి కాక ఐదేళ్లకు లెక్కవేసి పోల్చాలి.

మారే రోజు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. వానలకు, కరెంటు కోతలకు బ్రేక్‌డౌన్లు పెరిగే ఆ రోజుల్లో మార్పు పెట్టుకోకూడదు. సంక్రాంతి సెలవుల్లో ఓవర్‌హాలింగు పని మీదే అందరి చేతులూ ఉంటాయి. సెలవులు ముగిసి, ఓవర్‌హాలింగు వివరాలు తాజాగా ఉన్న జనవరి చివరి వారం అనువైనది. ఆ రోజు ఒకే షిఫ్టులో అన్ని యంత్రాల గంటల మీటర్లనూ చేత్తో రాసుకుని కొత్త వ్యవస్థలో వేయాలి. పాత ఫైల్లోని రీడింగులను నమ్మితే షెడ్యూళ్లన్నీ మొదటి నెలలోనే తప్పుతాయి.

అంతకు ముందు పాలిషింగు లైను ఒక్కదాన్నే తీసుకుని పాత, కొత్త రెండింటిలోనూ రాయించాలి, అది నెలకు మించకూడదు. రెండుచోట్ల రాయమంటే ఫిట్టర్లు కొన్నాళ్లకు రెండుచోట్లా అరకొరగా రాస్తారు, అందులో వారి తప్పు లేదు. జాబ్ కార్డు మూయడానికి రెండు నిమిషాల కంటే ఎక్కువ పడితే ఫారం తగ్గించాలి. లోపాల జాబితా పది పన్నెండు పేర్లకు మించకూడదు. "ఇతరాలు" అన్నది ఎక్కువగా పడుతుంటే, కావలసిన పేరేదో జాబితాలో లేదని తెలుసుకుని చేర్చాలి. శిక్షణ ఇచ్చే మనిషి ఆఫీసు నుంచి కాక ఫిట్టర్లలో నుంచే రావాలి. మేనేజ్‌మెంటు నుంచి ఒక మాట ముందే రాయించుకోవాలి: కనీసం ఆరు నెలల పాటు ఈ లెక్కలను ఎవరినీ మందలించడానికి గాని, ఓవర్‌టైము కోయడానికి గాని వాడరాదు. ఒక్కసారి అలా వాడితే మర్నాటి నుంచి పడే ఎంట్రీలు యంత్రం గురించి కాక, మందలింపు తప్పించుకోవడం గురించే ఉంటాయి.

పాత ఫైల్లోని ప్రతి పట్టికనూ యూనికోడ్ సీఎస్‌వీగా తీసి, ఏ గడి దేనికో వివరించే ఒక పేజీతో కలిపి రెండు డిస్కుల్లో ఉంచితే, యాక్సెస్ లేని కంప్యూటరులోనూ పదేళ్ల తరువాత చదువుకోవచ్చు. అసలు ఫైలును మార్చడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే తెరుచుకునేలా చేయాలి. డెస్క్‌టాప్ మీది పాత ఐకానును ఏ తేదీన తీసేస్తామో నోటీసు బోర్డులో వేసి, ఆ తేదీన పగటి షిఫ్టులోనే, రాత్రి షిఫ్టు మనిషి ఎదురుగా ఉండగా తీసేయాలి.