తూర్పు ఆసియా రేవులకు చవక క్రూయిజ్: టికెట్ కొనే ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

జపాన్, దక్షిణ కొరియా, తైవాన్ రేవులను చుట్టివచ్చే క్రూయిజ్ టికెట్ల ధరలు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనూ, మళ్లీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానూ తరచుగా తగ్గుతాయి. కిటికీ లేని లోపలి గదితో సరిపెట్టుకుంటే, ఐదు రాత్రుల బసకూ భోజనానికీ ఊరి నుంచి ఊరికి ప్రయాణానికీ కలిపి కట్టే సొమ్ము, అవే రోజులు టోక్యోలో హోటల్లో దిగి రైళ్లలో తిరిగితే అయ్యే ఖర్చు కంటే తక్కువగా తేలడం కద్దు. ఈ లెక్కలో తప్పు లేదు గాని, అందులోకి రానివి రెండున్నాయి. ధర తగ్గే నెలలు సముద్రం బాగుండని నెలలు. నౌక ఆగే రేవుల్లో చాలా చోట్ల మరో దేశపు సరిహద్దు దాటవలసి ఉంటుంది. విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు క్రూయిజ్‌లో వెళ్లివచ్చినవారికి వీసాల ప్రసక్తే రాలేదు కనుక ఈ రెండో సంగతి వారి అనుభవంలో ఉండదు. భారత పాస్‌పోర్టుతో తూర్పు ఆసియాకు బయలుదేరేవారు అన్నిటికంటే ముందు చూసుకోవలసింది దానినే.

జపాన్‌లో మొదలై జపాన్‌లోనే ముగిసే యాత్రల్లో దక్షిణ కొరియా రేవు బుసాన్ పేరు తరచుగా కనిపించడానికి కారణం ఉంది. విదేశీ జెండాతో నడిచే నౌక కేవలం జపాన్ రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. మధ్యలో ఒక్క విదేశీ రేవుకైనా వెళ్లిరావాలి. అందుచేత కంపెనీలు దగ్గరలో ఉన్న బుసాన్‌నో, జెజూ దీవినో, తైవాన్‌లోని కీలుంగ్‌నో దారిలో కలుపుతాయి. ఆ ఒక్క మజిలీతో మన వీసా లెక్క మారిపోతుంది. విమానంలో టోక్యోలో దిగడం మొదటి ప్రవేశం, బుసాన్ చూసుకుని ఫుకుఓకాలోనో నాగసాకిలోనో మళ్లీ నేల మీద అడుగుపెట్టడం రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా మొదటిదానితోనే అయిపోతుంది. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు అందుబాటులోకి వచ్చిన జపాన్ ఈ-వీసా కూడా ఒక్క ప్రవేశానికే చెల్లుతుంది, అదీ విమానంలో వచ్చేవారికే. కాబట్టి దరఖాస్తులోనే డబుల్ ఎంట్రీ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడిగి, క్రూయిజ్ బుకింగ్ పత్రాన్నీ, ఏ తేదీన ఏ రేవో చూపే పట్టికనూ దానికి జతచేయాలి.

ఇక్కడే ఏజెంట్లు ఒక మాట చెబుతారు: క్రూయిజ్ వాళ్లకు జపాన్ వీసా అక్కర్లేదు అని. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ఎంపిక చేసిన నౌకల్లో వచ్చి, అదే నౌకలో దేశం విడిచి వెళ్లే పర్యాటకులకు వీసా లేకుండా దిగే అనుమతిని జపాన్ 2015లో ప్రవేశపెట్టింది. హాంకాంగ్‌లోనో కీలుంగ్‌లోనో ఎక్కి తిరిగి అక్కడే దిగిపోయేవారికి అది ఉపయోగపడవచ్చు. జపాన్‌లో నౌక ఎక్కేవారు, జపాన్‌లో యాత్ర ముగించి విమానం పట్టుకునేవారు దాన్ని నమ్ముకోకూడదు. మీ నౌకకూ మీ పాస్‌పోర్టుకూ అది వర్తిస్తుందని క్రూయిజ్ కంపెనీ రాతపూర్వకంగా చెబితేనే లెక్కలోకి తీసుకోండి; ఫోన్‌లో ఏజెంటు ఇచ్చిన హామీని చెక్‌ఇన్ కౌంటర్లో ఎవరూ పట్టించుకోరు. వీసా లేని రేవులో దిగను, నౌకలోనే ఉంటాను అన్నా చాలా కంపెనీలు ఒప్పుకోవు. దారిలోని ప్రతి దేశానికీ కాగితాలు సరిగా లేకపోతే ఎక్కనివ్వరు, సొమ్ము తిరిగి ఇవ్వరు.

కొరియాకు మనకు వీసా కావాలి. తైవాన్‌కూ కావాలి గాని, అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంజెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా), జపాన్ వంటి వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉంటే ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి పత్రం తీసుకునే వీలుంది. హాంకాంగ్‌లో 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, కానీ భారతీయులు ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ స్లిప్పు చేతిలో ఉంచుకోవాలి. షాంఘై, తియాన్‌జిన్ ఉన్న యాత్ర అయితే చైనా వీసా సంగతి చూడాలి. కొన్నేళ్లు ఆగిపోయిన పర్యాటక వీసాలను చైనా 2025 జులై 24 నుంచి భారతీయులకు మళ్లీ ఇస్తోంది. అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో పౌరసత్వం వచ్చినవారికి ఈ బాధ చాలావరకు లేదు. హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉండి భారత పాస్‌పోర్టుతో ప్రయాణించేవారు మాత్రం హైదరాబాద్ నుంచి వెళ్లే వారితో దాదాపు సమానమేనని మరచిపోతుంటారు. ఒకే కుటుంబంలో పిల్లలది అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టు అయినప్పుడు ఈ పొరపాటు జరిగే అవకాశం మరీ ఎక్కువ. పాస్‌పోర్టుకు యాత్ర ముగిశాక మరో ఆరు నెలల గడువైనా ఉండాలి.

వీసా తేదీలకూ డబ్బు కట్టే తేదీలకూ పొంతన కుదరదు. సింగిల్ ఎంట్రీ జపాన్ వీసా జారీ అయినప్పటి నుంచి 3 నెలలే చెల్లుతుంది కనుక మరీ ముందుగా తీసుకోవడానికి వీల్లేదు. క్రూయిజ్ కంపెనీలేమో బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందే మిగిలిన సొమ్మంతా కట్టమంటాయి, ఆ తరువాత రద్దు చేసుకుంటే కోత మొదలవుతుంది. ఏ తేదీ దాటితే ఎంత పోతుందో తెలిపే పట్టికను అడ్వాన్సు కట్టకముందే తెప్పించుకోండి. వీసా నిరాకరణను కవర్ చేసే బీమా ఉంటే దాని ప్రీమియం దండగ అనుకోవద్దు.

ఇక వాతావరణం. కోస్తా జిల్లాలవారికి తుపాను అనగానే అక్టోబరు, నవంబరు గుర్తుకొస్తాయి. పసిఫిక్ పడమటి భాగంలో టైఫూన్లు (అక్కడి తుపాన్లు) ఏ నెలలోనైనా రావచ్చు గాని ఉద్ధృతి జులై నుంచి అక్టోబరు దాకా, అందులోనూ ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్కువ. ఒకినావాలోని నాహా, ఇషిగాకి, తైవాన్‌లోని కీలుంగ్ వాటి దారిలోనే ఉంటాయి. పెద్ద నౌకలు టైఫూన్‌కు ఎదురు వెళ్లవు, చుట్టు తిరిగి పోతాయి. అందువల్ల ప్రాణభయం కంటే ప్రణాళిక తారుమారవుతుందన్న భయమే ఎక్కువ. నాహా మజిలీ రద్దయి ఆ రోజంతా సముద్రం మీదే గడవవచ్చు, లేదా కీలుంగ్ బదులు నౌక జపాన్‌లోని కగోషిమాకు వెళ్లవచ్చు. టికెట్ ఒప్పందంలో ఈ అధికారం కెప్టెన్‌కు ముందే రాసి ఉంటుంది. రేవు రుసుములు తిరిగి ఇస్తారేమో గాని నష్టపరిహారం ఆశించలేము. ఒక్క రేవు మీదే మనసు పడి టికెట్ కొనకపోవడం, టైఫూన్ నెలల్లో రేవుల వద్ద బయటి టూర్లకు రద్దు కుదరని బుకింగులు చేయకపోవడం మేలు. దారి మారి నౌక వేరే దేశానికి వెళ్లినప్పుడు ఆ దేశపు వీసా లేనివారు, ఉన్న వీసాలో ప్రవేశాలు అయిపోయినవారు నౌకలోనే ఉండిపోవలసి రావచ్చు. మల్టిపుల్ ఎంట్రీ వీసా విలువ అప్పుడు తెలుస్తుంది.

చివరి రేవుకు నౌక ఒక రోజు ఆలస్యంగా చేరవచ్చన్నది కూడా ముందే లెక్క వేసుకోవాలి. 2018 సెప్టెంబరు 4న జెబి టైఫూన్ ధాటికి ఒసాకా దగ్గర దీవి మీద ఉన్న కన్సాయ్ విమానాశ్రయపు రన్‌వే నీట మునిగింది. లంగరు పట్టు తప్పి కొట్టుకొచ్చిన ట్యాంకరు నౌక దీవిని ఒడ్డుతో కలిపే వంతెనను ఢీకొనడంతో వేలాది ప్రయాణికులు ఆ దీవి మీదే చిక్కుబడ్డారు. 2019 అక్టోబరులో హగిబిస్ టోక్యో ప్రాంతాన్ని తాకినప్పుడు విమానాలు, రైళ్లు ఆగిపోయాయి. అందుకని నౌక దిగిన రోజునే తిరుగు విమానం పెట్టుకోకూడదు; తప్పదంటే తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనాలి. వెళ్లేటప్పుడు కూడా ఒక రోజు ముందే చేరుకోవాలి. ఢిల్లీ మీదుగానో సింగపూర్ మీదుగానో మారి వెళ్లేవారి కనెక్షన్ తప్పితే నౌక ఆగదు.

చలికాలపు చవక వేరు. టైఫూన్లు తగ్గుతాయి గాని ఈశాన్య గాలులకు తైవాన్ జలసంధి, వాయవ్య గాలులకు జపాన్ సముద్రం బాగా పోటెత్తుతాయి. సముద్రపు వికారం ఉన్నవారు నౌక మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగాలి. అక్కడే చవక గదులు ఎక్కువగా ఉండడం ఒక రకంగా అదృష్టం. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, నౌక కదలకముందే వేసుకోవాలి.

ప్రకటనలోని ధర ఒక గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద మనిషికి చెప్పేది. ఒక్కరే వెళితే రెండో మనిషి ఛార్జీ కూడా దాదాపుగా మోయాలి. రేవు రుసుములు, పన్నులు విడిగా ఉంటాయి. పెద్ద కంపెనీల్లో సిబ్బంది టిప్పుల పేరుతో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో తమంతట తామే కలుపుతారు, పిల్లలకు కూడా. నలుగురున్న కుటుంబానికి ఐదు రాత్రులకు 320 నుంచి 400 డాలర్లు. వైఫై, సీసా నీళ్లు, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు అన్నీ అదనమే. డెబిట్ కార్డు ఇస్తే కొంత సొమ్మును బ్లాక్ చేసి ఉంచుతారు, విడుదల కావడానికి రోజులు పడుతుంది కనుక క్రెడిట్ కార్డు ఇవ్వడం మంచిది. ఇండియాలోని ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టే ఆదాయపన్ను) వసూలు చేస్తారు. రసీదు దాచుకుంటే ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. నౌక కదలగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఫోన్ నౌకకు చెందిన ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది, మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్‌లలో ఆ వాడకం ఎక్కువగా కలవదు.

నౌకలో డాక్టరు ఉంటారు, ఫీజు మాత్రం డాలర్లలో ఉంటుంది. అసలు ఖర్చు, రోగిని ఒడ్డుకో స్వదేశానికో తరలించవలసి వస్తే అవుతుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు బీమా పాలసీలో క్రూయిజ్ ప్రయాణం, అత్యవసర తరలింపు, ఇదివరకే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులు కలిసి ఉన్నాయో లేదో చదివి చూడాలి. 2020 ఫిబ్రవరిలో యోకోహామాలో క్వారంటైన్‌లో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మంది ఉండగా 700 మందికి పైగా కొవిడ్ సోకింది. అది అరుదైన సందర్భమే అయినా అనుకున్న రోజులకు మించి మందులు వెంట ఉండాలన్నది అక్కడున్నవారికి బాగా తెలిసివచ్చింది. నోరోవైరస్ వంటి విరేచనాల జబ్బులు నౌకల్లో త్వరగా పాకుతాయి. దానికి శానిటైజర్ అంతగా పనిచేయదు, బఫేకు వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మందులు సూట్‌కేసులో పెట్టవద్దు. ఎక్కిన రోజు సామాను గదికి చేరేసరికి రాత్రి కావచ్చు. జపాన్ రేవులు ఉన్నప్పుడు మరో జాగ్రత్త అవసరం: సూడోఎఫెడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉన్న జలుబు మందులనూ, ఏకాగ్రత లోపానికి వాడే యాంఫెటమిన్ మాత్రలనూ అక్కడ అనుమతించరు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌ల మీద ఆంక్షలున్నాయి. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు మించి తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి పత్రం ఉండాలి. ప్రిస్క్రిప్షన్ మందు అసలు (జెనరిక్) పేరుతో, ఇంగ్లిష్‌లో రాయించుకోండి.

పచ్చళ్ల విషయంలో మనవాళ్లకు చెప్పినా వినబుద్ధి కాదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసిన ఏ పదార్థాన్నయినా జపాన్, తైవాన్‌లలోకి తీసుకెళ్లరాదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో తైవాన్ ఆ వ్యాధి ఉన్న దేశాల పంది మాంసపు ఉత్పత్తులకు మొదటిసారే 2 లక్షల తైవాన్ డాలర్ల జరిమానా వేస్తోంది. పండ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. బఫేలో తీసుకున్న అరటిపండును సంచిలో వేసుకుని రేవులో దిగినా అది నేరమే అవుతుంది. సింగపూర్‌లో ఎక్కేవారు మసాలా పొడిలోని గసగసాలను కూడా ఇంట్లోనే వదిలిరావాలి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, నీళ్లు కాచే కాయిల్, ఇస్త్రీపెట్టె, అగరుబత్తి, కర్పూరం వంటివి అగ్నిప్రమాద భయంతో నౌకలోకి రానివ్వరు; ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు. శాకాహారులు బుకింగ్ సమయంలోనే భారతీయ శాకాహారం కావాలని నమోదు చేయించుకోవాలి. ఒడ్డున జపాన్‌లో కూరగాయల వంటకంలో చేపల రసం, కొరియాలో కిమ్చీలో రొయ్యల ఊట ఉండడం మామూలే; తైవాన్‌లో బౌద్ధ శాకాహార హోటళ్లు దొరుకుతాయి.

రేవులో దిగే రోజున చూసుకోవలసింది సమయం. పట్టికలో బీజింగ్ అని ఉన్నా నౌక ఆగేది తియాన్‌జిన్‌లో, నగరం అక్కడికి 150 కిలోమీటర్ల పైమాటే. సియోల్ అంటే ఇంచియాన్, టోక్యో అంటే చాలాసార్లు యోకోహామా. కీలుంగ్‌లో మాత్రం రైల్వేస్టేషన్ రేవు పక్కనే ఉంటుంది, తైపేకు గంటలోపే చేరవచ్చు. సొంతంగా తిరగదలచినవారికి ఇంత అనువైన రేవు తక్కువ. ఎనిమిది గంటల మజిలీలో ఇమిగ్రేషన్ క్యూ, వేలిముద్రలు, తిరిగి ఎక్కే గడువు పోను చేతిలో మిగిలేది ఐదు గంటలే అనుకోవాలి.

జపాన్, కొరియాల గడియారం ఒకటే; తైవాన్, చైనా, హాంకాంగ్‌లు వాటికి ఒక గంట వెనుక. నౌక తన గడియారాన్ని మార్చకుండా కీలుంగ్‌లో ఆగినా, మీ ఫోన్ ఒడ్డున సిగ్నల్ పట్టగానే తైవాన్ సమయానికి మారిపోతుంది. నౌకలో నాలుగైనప్పుడు ఫోన్‌లో మూడే కనిపిస్తుంది. అందుచేత నౌక సమయం పెట్టిన మామూలు చేతిగడియారం ఒకటి ఉండాలి. మళ్లీ ఎక్కవలసిన గడువు నౌక బయలుదేరడానికి అరగంట, గంట ముందే ముగుస్తుంది. కంపెనీ ఏర్పాటు చేసిన టూర్ ఆలస్యమైతే సాధారణంగా నౌక ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. దిగేటప్పుడు రోజువారీ కరపత్రంలో ఉండే రేవు ఏజెంటు ఫోన్ నంబరును ఫొటో తీసుకోండి; పాస్‌పోర్టు, లేదా నౌకవారు ఇచ్చిన దిగే అనుమతి పత్రం, వీసా ప్రతులు, ఒక పూట మందులు, కొంత స్థానిక నగదు వెంట ఉంచుకోండి. నౌక తప్పిపోతే తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి, ఆ రేవు వేరే దేశంలో ఉంటే వీసా ఎన్ని ప్రవేశాలకు చెల్లుతుందో అప్పుడు కూడా చూస్తారు.

చివరి రాత్రి పెద్ద సామాను గది బయట పెట్టమంటారు. అందులో పాస్‌పోర్టు, మందులు, మరునాటి బట్టలు వెళ్లిపోకుండా చూసుకోండి. బిల్లును కూడా ఆ రాత్రే సరిచూసి, తెలియని పద్దు ఉంటే రిసెప్షన్‌లో అడగాలి. పొద్దున దిగే హడావిడిలో ఆ వరుస చాలా పెద్దదిగా ఉంటుంది, ఒడ్డుకు వచ్చాక ఈమెయిళ్లతో తేల్చుకోవడం వారాల పని.