సీజన్ పనికి వెళ్తూ నవల ఆగిపోకుండా చూసుకోవడం ఎలా?

ఏడాదిలో నాలుగైదు నెలలు తోటల్లో పని, మిగతా నెలలు రాత. నా బతుకు చాలాకాలంగా ఇలాగే నడుస్తోంది. నాలాగే బతికేవాళ్ళు కనిపించినప్పుడల్లా ఒకటే మాట: "సీజన్ వచ్చింది, నవల అటకెక్కింది." చాలా బాధేస్తుంది. ఎందుకంటే నవలని చంపేది సీజన్ కాదు. పనిలోకి దిగే ముందు దాన్ని ఎలా వదిలామన్నదాని మీదే అంతా ఉంటుంది.

1. ముందు క్యాలెండర్ తీయండి

పని ఉండే నెలలు కొట్టేయండి. వాటికి ముందు రెండు వారాలు, తర్వాత ఒక వారం కూడా కొట్టేయండి. మిగిలినవే మీ రాత నెలలు.

కొందరు లెక్క వేస్తారు: సీజన్‌లో కూడా రోజుకు 300 మాటలు రాసినా 120 రోజుల్లో 36,000 మాటలు అవుతాయి కదా అని. ఆ లెక్క కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళది. పొద్దంతా ఎండలో ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి పనికిరాదు. సీజన్‌లో నవల రాయకూడదు, అంతే.

తెల్లవారుజామున నాలుగింటికే లేచి రాయమనే సలహా కూడా వినకండి. నిద్ర చాలని మనిషి మర్నాడు నిచ్చెన ఎక్కాలి, కత్తి పట్టాలి. అక్కడ ఒక్క క్షణం ఏమరుపాటు వేలినే తీసుకుపోతుంది. ఆ వేళ్ళతోనే కదా రాయాల్సింది.

2. సామాన్లు

చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్సిల్, రెండూ పెట్టుకోవడానికి నీళ్ళు దూరని ప్లాస్టిక్ సంచి. జెల్ పెన్ వద్దు, చాలావాటిలో సిరా నీటితో చేసిందే, చెమట తగిలితే అలుక్కుపోతుంది. ఫోన్ వద్దు, తడి వేలికి సరిగా పలకదు, ఎండలో తెర కనపడదు. పెన్సిల్ గీతకి చెమటా లెక్కలేదు, ఎండా లెక్కలేదు.

3. నవలని వదలడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దయచేసి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

సీజన్ దగ్గరపడే కొద్దీ "ఈ అధ్యాయం ముగించేసి వెళ్తాను" అనిపిస్తుంది. ముగించకండి. ఒక ఏడాది నేను ఆ పనే చేశాను. చివరి మూడు రాత్రులు కూర్చుని అధ్యాయం పూర్తిచేసి, తప్పులు దిద్ది, కాగితాలన్నీ కట్టగట్టి పెట్టాను. ఎంతో తృప్తిగా పనిలోకి వెళ్ళాను. నాలుగు నెలల తర్వాత కట్ట విప్పితే లోపలికి దారి లేదు. ముగిసిన అధ్యాయం మూసిన తలుపులాంటిది. ఆ మనుషుల గొంతులు వినపడలేదు. బలవంతాన మూడు అధ్యాయాలు రాసి, మూడూ తీసేయాల్సి వచ్చింది.

అందుకని సన్నివేశం మధ్యలో ఆపండి. మధ్యలో అంటే ఎక్కడో కాదు, తర్వాత ఏం జరగాలో మీకు బాగా తెలిసిన చోట. ఏం రాయాలో తోచక చిక్కుకుపోయిన చోట ఆపితే, తిరిగొచ్చాక అదే చిక్కు ఎదురుగా కూర్చుని ఉంటుంది. చిక్కులో ఉంటే అది విడిపోయేదాకా రాసి, ఇంకో పేజీ ముందుకెళ్ళి, ఆ ఊపులో ఆపండి. వాక్యం సగంలో ఆపితే మరీ మంచిది.

ఆపిన రోజే, మర్నాటికి వాయిదా వేయకుండా, మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి. ఒక్క పేజీ చాలు. కథాసారాంశం రాయొద్దు, అది పాత పేజీల్లో ఎలాగూ ఉంటుంది. కాగితం మీదకి ఇంకా రానివి, మీ తలలో మాత్రమే ఉన్నవి రాయండి. నా ఉత్తరం ఒకటి ఇలా ఉంది:

"ఆమె చెయ్యి గొళ్ళెం మీద ఉంది. ఇంకా చెప్పులు విప్పలేదు. లోపల తమ్ముడున్నాడని ఆమెకి తెలీదు, నాకు తెలుసు. ఆమె అరవదు. ముందు నీళ్ళు అడుగుతుంది. వాన వాసన ఈ అధ్యాయం చివరిదాకా ఉండాలి."

ముఖ్యంగా "ఆమె అరవదు" లాంటి మాటలు. పాత్ర ఏం చేస్తుందో కన్నా ఏం చేయదో మనసు త్వరగా మరిచిపోతుంది. నాలుగు నెలల ఎండ తర్వాత మీరు ఆమెని అరిపించేస్తారు, అక్కడితో ఆ మనిషి వేరే మనిషైపోతుంది.

ఉత్తరాన్ని రాతప్రతి మీద, అన్నిటికన్నా పైన పెట్టండి. కంప్యూటర్‌లో రాసేవాళ్ళైనా ఇది చేత్తోనే రాయాలి. రాతప్రతి మొత్తానికి ఒక నకలు ఇంకోచోట కూడా దాచి, మూసేయండి.

4. సీజన్‌లో

రోజుకి పది నిమిషాలు, మధ్యాహ్నం నీడపట్టున కూర్చున్నప్పుడు. రాత్రి పూట వద్దు. కథ ఆలోచనలు రాయకండి. ఒంటికి, చేతికి తెలిసినవి రాయండి. నిచ్చెన మీద మడమ జారితే చెయ్యి ముందు కొమ్మని పట్టుకోదు, నిండిన బుట్టని పట్టుకుంటుంది. ఇది ఊహించి రాయగలిగేది కాదు. ఇలాంటివి వారానికి రెండు దొరికినా చాలు.

5. తిరిగి రావడం

పని ముగిసిన మర్నాడే బల్ల ముందు కూర్చోకండి. ఆ కొట్టేసిన వారం ఉన్నది నిద్ర కోసమే.

తర్వాత నవల మొదటి పేజీ నుంచి చదవకండి. చదివితే దిద్దడం మొదలుపెడతారు, నెల అక్కడే అయిపోతుంది. ముందు ఉత్తరం, తర్వాత చివరి పది పేజీలు. జేబు పుస్తకం ఆ రోజు తెరవొద్దు, కొత్తవి దూర్చాలనిపిస్తుంది. సగంలో ఆగిన వాక్యాన్ని కాగితం మీద మొదటి నుంచి చేత్తో తిరగరాయండి, ఆగిన చోట ఆగకుండా ముందుకు పోనివ్వండి. ఆ రోజుకి ఒక పేజీ వస్తే లేచి వెళ్ళిపోండి, ఇంకా రాయాలని ఉన్నా సరే.