చిన్న కంపెనీల డివిడెండ్ షేర్లు: కొనే ముందు

మార్కెట్ పడినప్పుడు డివిడెండ్ (కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు) ఇచ్చే షేర్ల జాబితా తెరిస్తే నోరూరుతుంది. మొన్నటిదాకా షేరు ధరలో 4 శాతం డివిడెండ్‌గా ఇచ్చిన చిన్న కంపెనీ పక్కన ఇప్పుడు 8 శాతం అని ఉంటుంది. కంపెనీ కొత్తగా పెంచిందేమీ లేదు. షేరు 100 ఉన్నప్పుడు 4 ఇచ్చింది. షేరు 50కి పడినా లెక్క మాత్రం పాత 4 మీదే వేశారు. ఆ 4 వచ్చే ఏడాది రాదేమోనన్న అనుమానంతోనే చాలామంది అమ్మి ఉంటారు.

నేనూ ఒకసారి 9 శాతం చూసి మురిసిపోయి కొన్నాను. ఆర్నెల్లకే డివిడెండ్ ఆపేశారు. వాళ్లు దాచిందేమీ లేదు, నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో పట్టికలో అంతా ఉంది. చదవనిది నేనే.

కాబట్టి ముందు ఆ పట్టిక తెరవండి. వ్యాపారంలోంచి వచ్చిన నగదులో యంత్రాలకీ భవనాలకీ పెట్టిన ఖర్చు తీసేస్తే మిగిలేదే పంచుకోవడానికి పనికొచ్చే డబ్బు. ఐదారేళ్ల అంకెలు వరసగా చూడాలి. 10 లాభం వస్తే 9 పంచేసే కంపెనీకి ఒక్క చెడ్డ ఏడాది చాలు. లాభం పెరుగుతున్నా నగదు కనిపించకపోతే కస్టమర్ల దగ్గర బకాయిలు పేరుకున్నాయా, గోడౌన్‌లో సరుకు నిలిచిపోయిందా చూడండి. అప్పు తెచ్చి డివిడెండ్ ఇచ్చేవాళ్లూ ఉంటారు. మొత్తం అప్పు కంటే, ఏడాదిలోగా తీర్చాల్సింది ఎంతన్నది నన్ను ఎక్కువ భయపెడుతుంది. 2020 ఏప్రిల్‌లో షెల్ అంతటి పెద్ద చమురు కంపెనీయే డివిడెండ్‌ను మూడింట రెండు వంతులు కోసేసింది, అదీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి. ఇద్దరు ముగ్గురు కస్టమర్ల మీద బతికే చిన్న కంపెనీ సంగతి ఇక చెప్పాలా?

పీఈ, అంటే షేరు ధర ఒక్కో షేరుకొచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, తక్కువగా ఉంటే చవక అనుకోవద్దు. స్టీలు, షిప్పింగ్ లాంటి వ్యాపారాల్లో లాభాలు తారస్థాయిలో ఉన్నప్పుడే పీఈ బాగా తక్కువగా కనిపిస్తుంది. ఒక్క ఏడాది లాభాన్ని నమ్మకుండా చాలా ఏళ్ల సగటు చూడమని పెట్టుబడుల గురువు బెంజమిన్ గ్రాహం చెప్పింది ఇందుకే. స్థలం అమ్మి ఒకేసారి పంచిన స్పెషల్ డివిడెండ్‌ను కూడా లెక్కలోంచి తీసేయండి.

చాలామంది పట్టించుకోనిది అమ్మకం. చిన్న షేర్లలో కొనేవాళ్లు 96 అడుగుతుంటే అమ్మేవాళ్లు 100 చెబుతుంటారు. 100కి కొని వెంటనే అమ్మాల్సి వస్తే ఏడాది డివిడెండ్ ఆ తేడాలోనే పోతుంది. రోజుకు 2,000 షేర్లు చేతులు మారే చోట మీ దగ్గర 5,000 ఉంటే, మీ అమ్మకమే ధరను పడగొడుతుంది. మీరు చెప్పిన ధరకో అంతకన్నా మంచి ధరకో మాత్రమే జరిగే లిమిట్ ఆర్డరే పెట్టండి, ఎంత ధర దొరికితే అంతకు జరిగిపోయే మార్కెట్ ఆర్డర్ జోలికి వెళ్లొద్దు. కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెంగా కొనండి.

డివిడెండ్ కోసమని ఎక్స్-డేట్‌కి (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) ముందురోజు కొనడం వృథా. మర్నాడు షేరు సుమారుగా అంత మేర తగ్గే మొదలవుతుంది, పైగా పన్ను కట్టాల్సి రావచ్చు.

ఆడిటర్ ఏడాది మధ్యలో తప్పుకున్నా, యజమానుల సొంత సంస్థలకు కంపెనీ అప్పులిస్తున్నా నేను ఇంకేమీ చూడను, వదిలేస్తాను. మిగిలిన వాటిలో కూడా ఒక్కో చిన్న కంపెనీకి నా మొత్తం డబ్బులో 3 శాతం దాటనివ్వను. కొన్నరోజే, ఏం జరిగితే అమ్మేస్తానో డైరీలో రాసి పెట్టుకుంటాను. ధర పడ్డాక టెన్షన్‌లో కొత్త కారణాలు వెతుక్కుంటామని నాకు తెలుసు.