అరవై దాటాక మెదడుకు కొత్త పని నేర్పడం ఎలా?

పదేళ్లుగా ఒకే రకం పదకేళి నింపుతూ మెదడుకు పని చెబుతున్నామనుకుంటారు చాలామంది. చేతికి అలవాటైపోయిన పనిలో మెదడు కొత్తగా నేర్చుకునేది తక్కువ. పెద్దవాళ్లకు కీబోర్డు వాయించడం నేర్పేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీరూ ఇలాగే నేర్పవచ్చు.

1. వాళ్లకు ఇష్టం ఉండి, ఇంతవరకు రాని పని ఒకటి ఎంచుకోండి. బొమ్మలు, కుట్టుపని, కొత్త భాష, ఏదైనా సరే. ఫోన్ ఆటలు మాత్రం వద్దు.

2. రోజూ ఉదయం అరగంట వాళ్లతో కూర్చోండి. మొదటి రోజుది ఫోన్‌లో రికార్డు చేసి దాచండి.

3. పని ఎంత కష్టంగా ఉండాలి? అందరూ పాడుచేసేది ఇక్కడే. నేర్చుకోవడానికి తోడ్పడే రసాయనం డోపమైన్. మెదడులో దాన్ని విడుదల చేసే కణాలు అనుకున్నదానికంటే మెరుగైన ఫలితం వచ్చినప్పుడే బాగా స్పందిస్తాయి. కోతులపై నాడీశాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ చేసిన ప్రయోగాల్లో, పండ్లరసం వస్తుందని ముందే తెలిసిపోయాక, అది వచ్చినా ఆ కణాల్లో చలనం లేదు. రావాల్సింది రాకపోతే ఉన్న చురుకూ తగ్గింది. వయసుతోపాటు డోపమైన్ వ్యవస్థ ఎలాగూ బలహీనపడుతుంది. అందుకే మరీ తేలికైన పని ఇవ్వకండి, రోజూ ఓడిపోయే పని అసలే ఇవ్వకండి.

పదిసార్లు చేస్తే ఆరేడుసార్లు కుదరాలి. ఇదే కొలత.

అరవై ఎనిమిదేళ్ల ఆవిడకు ఎవరో మొదటి వారమే పాట మొత్తం ఇచ్చారట. టెన్షన్ పడి మానేశారు. నేను నాలుగు స్వరాలే ఇచ్చాను. ఉంగరపు వేలు ప్రతిసారీ పక్క కీ మీద పడేది. ఎనిమిదోసారి సరిగ్గా పడింది. ఆవిడ వేలు తీయకుండా, ఆ కీని అలాగే నొక్కిపట్టి నా వైపు చూశారు. ఆ క్షణంలో దయచేసి "తర్వాతది చూద్దాం" అనకండి. మళ్లీ వాయించనివ్వండి. పదికి పది కుదిరిన రోజున ఐదో స్వరం కలపండి. తప్పు వాయిస్తే బాగుందని మెచ్చుకోవద్దు, పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు.

నలుగురితో కబుర్లు చాలవా అని అడుగుతారు. కబుర్లు మంచివే. కానీ మనస్తత్వ శాస్త్రవేత్త డెనిస్ పార్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 3 నెలలపాటు వారానికి సుమారు 15 గంటలు ఫొటోగ్రఫీ, బొంతల కుట్టుపని నేర్చుకున్న పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కలిసి సరదాగా గడిపినవాళ్లకు అంత లాభం కనిపించలేదు. అన్ని గంటలా అని భయపడకండి. వేలు ఒకసారి సరిగ్గా పడితే అరగంట దానంతటదే పెరుగుతుంది.

4. నెల తర్వాత మొదటి రోజు రికార్డింగ్ వినిపించండి. పక్కనే ఉండండి, మీరేమీ మాట్లాడకండి.

మతిమరుపు రోజువారీ పనులకు అడ్డొస్తుంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి. ఈ పద్ధతి వైద్యం కాదు.