కిడ్నీ, మూత్ర సమస్యలకు వీఏ పరీక్ష: వెళ్లేలోపు సిద్ధం చేసుకోవాల్సినవి

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన మనవాళ్లు కొందరు అక్కడి మాజీ సైనికుల శాఖ (వీఏ) ఇచ్చే వైకల్య పరిహారానికి దరఖాస్తు పెట్టించడానికే ఏజెంట్లకు డబ్బులు కట్టేస్తున్నారు. మొదటిసారి పెట్టే దరఖాస్తుకి ఎవరూ ఫీజు తీసుకోకూడదు, చట్టమే ఒప్పుకోదు. గుర్తింపు ఉన్న వెటరన్స్ సంఘాల ప్రతినిధులు ఉచితంగా చేసిపెడతారు, ఆ మనిషి పేరు వీఏ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

దరఖాస్తు అంత కష్టమేం కాదు. రికార్డులన్నీ చేతికి రాకపోతే ముందు దరఖాస్తు పెట్టబోతున్నానని తెలిపే 21-0966 ఫారం వేసి పెట్టుకోండి, ఏడాది టైం దొరుకుతుంది. తర్వాత అసలు దరఖాస్తు ఫారం, 21-526 ఈజెడ్. ఆపైన వీఏ గానీ, దాని తరఫున ఏదో కాంట్రాక్టు సంస్థ గానీ పరీక్షకు పిలుస్తుంది, దాన్నే అందరూ సి అండ్ పి ఎగ్జామ్ అంటారు. తెలియని నంబరు కదా అని ఆ ఫోన్ కట్ చేయకండి. సరైన కారణం లేకుండా మానేస్తే ఉన్న కాగితాలతోనే తేల్చేయవచ్చు, తిరస్కరించనూవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది రక్తపరీక్ష రిపోర్టుల దగ్గర. కిడ్నీ దెబ్బతిన్నదని డాక్టరు ఒక్క లైను రాసిస్తే చాలనుకుంటారు, కానీ 2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే జీఎఫ్ఆర్ అంకె చూస్తారు, అదీ ఒక్కరోజుది కాదు, గడిచిన 12 నెలల్లో వరసగా కనీసం 3 నెలలపాటు ఆ స్థాయిలోనే ఉండాలి. 45 నుంచి 59 మధ్య ఉంటే వైకల్యం 30 శాతంగా లెక్కిస్తారు, 30 నుంచి 44 అయితే 60, 15 నుంచి 29 అయితే 80, 15 కన్నా తక్కువైనా, క్రమం తప్పకుండా డయాలసిస్ మీద ఉన్నా 100. మీ దగ్గర ఫిబ్రవరిలో ఒకటి, అక్టోబరులో ఒకటి రిపోర్టులుంటే మధ్యలో ఎలా ఉందో ఆ కాగితాలు చెప్పలేవు. కాబట్టి మీ కిడ్నీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి, నెలనెలా రక్తపరీక్ష అవసరమేమో అడగండి. బయటి ఆసుపత్రి రిపోర్టులైతే తేదీలు, మీ పేరు కనిపించేలా స్కాన్ చేసి మీరే క్లెయిమ్‌లో అప్‌లోడ్ చేయండి. పరీక్ష చేసే డాక్టరు చేతికిచ్చి వచ్చేస్తే ఫైల్లోకి చేరుతుందన్న భరోసా లేదు. అంకె పడిపోతుందని ఎవరైనా నీళ్లు తాగకుండా వెళ్లమంటే మాత్రం వినకండి, అది మోసం, పైగా ఉన్న కిడ్నీకే ముప్పు.

మూత్ర సమస్యల్లోనూ అన్నీ అంకెలే, కాకపోతే ఇక్కడ చాలావరకు మీ నోటిమాటే లెక్క. రాత్రి ఎన్నిసార్లు లేస్తారంటే మనవాళ్లు సిగ్గుపడి "కొంచెం ఎక్కువే" అంటారు. ఆ కొంచెం అన్న మాటకి ఫారంలో గడి లేదు. రాత్రికి 2 సార్లు లేస్తే 10 శాతం, 3 లేక 4 అయితే 20, 5 అంతకన్నా ఎక్కువైతే 40. పగలైతే ఎంతసేపటికోసారి వెళ్తున్నారో చూస్తారు. మూత్రం లీకై ప్యాడ్లు వాడేవాళ్లకు రోజుకి 2 నుంచి 4 మార్చాల్సి వస్తే 40, అంతకు మించితే 60. రెండు వారాలు మంచం పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని లేచినప్పుడల్లా టైం రాసుకోండి, మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలేమైనా వాడుతుంటే వాటి పేర్లు కూడా. పెంచి చెప్పొద్దు, రికార్డుతో పొంతన లేకపోతే మీ మాటకున్న విలువ పోతుంది. ఎలా ఉన్నారని అడిగితే మాత్రం అలవాటు కొద్దీ "బాగానే ఉన్నా" అనేయకండి.

పరీక్ష చేసే ఆ డాక్టరు మందులివ్వరు, శాతం తేల్చేదీ ఆయన కాదు. పది నిమిషాల్లో పంపించేశారని టెన్షన్ పడనక్కర్లేదు, ఫైలు ముందే చదివి ఉండవచ్చు. ముఖ్యమైనది అడగకుండా వదిలేశారనిపిస్తే ఇంటికెళ్లాక అదేరోజు మీ వాంగ్మూలం రాసిచ్చే 21-4138 ఫారంలో తేదీతో సహా రాసి, నిర్ణయం రాకముందే అప్‌లోడ్ చేయండి.